బరువు తినే రాకాసోళ్ళు

పొద్దున్నే ప్లాంటు కాడ నీళ్ళ క్యాను నింపించుకొని, చుట్టకుదురు తల మీద సర్దుకొని, కోటిరత్నం ఇంటిదారి పట్టింది. ఆ ఊరి బోరునీళ్ళు తాగితే పండ్లు పచ్చబడతాయి, నడుములు వంగిపోతాయి. అందుకని రాచర్ల రోడ్డు పక్కన నీళ్ళ ప్లాంటు పెట్టినారు. పెట్టినప్పట్నుంచి ఇంటికొక క్యాను మోసుకొచ్చే పని ఆడోళ్ళ నెత్తిన పడింది. మగోళ్ళు మోయరా అంటే, ఎందుకు మోయరు, మోస్తారు. బండి ఉంటే. బండిలో పెట్రోలు ఉంటే. దిగి వచ్చే మనసుంటే.

రోడ్డుకూ ఊరికీ నడుమ ఒక రాళ్ళచేను ఉంది. ఎవరూ దున్నరు. అందులో నడుమెత్తు బండలు గుండ్రంగా పాతి ఉంటాయి, ఒక్కో గుండ్రం నడుమ నాలుగు రాళ్ళు నిలబెట్టి పైన మూతబండ కప్పి ఉంటుంది. రాకాసిగుళ్ళు అంటారు వాటిని. మొదటి బండ దాటిందాకా మెడనరాలు పీకుతుంటాయి. దాటి లోపల కాలు పెట్టగానే క్యాను బరువు పోతుంది. క్యాను ఉంటుంది, నీళ్ళు ఉంటాయి, బరువు ఉండదు. ఊరి వైపు చివరి బండ దాటితే మళ్ళా నెత్తి మీదికి దిగుతుంది.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. కందిమూటలు, సిమెంటు బస్తాలు, పెండ్లికి తెచ్చిన ఇనప బీరువాలు, అన్నీ ఆ దారినే ఊళ్ళోకి వచ్చినాయి. "రాకాసోళ్ళు బరువు తింటారు" అంటారు, అక్కడికి ఆ మాట అయిపోతుంది. అంత మేలు చేసే తావుకు దండం పెడతారేమో అనుకునేరు. అబ్బే! ఇవతలికి రాగానే వెనక్కి తిరిగి ఒక రాయి విసిరి, తూ అని ఉమ్మి మరీ పోతారు. ఏరు దాటిందాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య.

ఒకటే కట్టుబాటు. ప్రాణమున్న మనిషిని మాత్రం ఎత్తుకొని గుళ్ళల్లోకి పోగూడదు. చంటిపిల్లల తల్లులు కూడా వంక పక్కనుంచి చుట్టుదారిన పోవాల్సిందే. ఎందుకని అడిగితే ఊళ్ళో అందరికంటే ముసలాయన, పుల్లయ్య తాత చెప్తాడు. "గింజల బరువు తింటే గింజలు మిగులుతాయి. మనిషి బరువు తింటే ఏం మిగులుతుందిరా?" ఆయన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. రాకాసోళ్ళు ఏడడుగులుండేవాళ్ళట. పచ్చిమాంసం తినేవాళ్ళట. నడవలేనోళ్ళను, మూలనబడ్డోళ్ళను బతికుండగానే ఆ బండల కింద తోసి మూత పెట్టేవాళ్ళట. ఊరంతా ఈ మాటలు ఉగ్గుపాలతో తాగినవాళ్ళే.

అందరికంటే ఎక్కువగా తాగింది కోటిరత్నం ఆడబిడ్డ విజయ. మూడో ఏట జ్వరమొచ్చి రెండు కాళ్ళూ పడిపోయిన మనిషి ఆమె. బడి ఈడులో ఉన్నప్పుడు తోటిపిల్లలు, "నువ్వు ఆ కాలంలో పుట్టుంటే ఈపాటికి బండ కింద ఉండేదానివే" అనేవాళ్ళు. ఇప్పుడు నలభై ఏండ్లు. మంచం మీద కూర్చొని చీరలకు ఫాల్సు కుడుతుంది, జాకెట్లకు హుక్సులు కుడుతుంది. చేతులు ఎంత చురుకో నోరు అంతకంటే చురుకు.

విజయను కన్నతల్లి శ్రీశైలమ్మ మోసింది. చిన్నప్పుడు చంకలో, పెద్దయినాక వీపు మీద. దొడ్డికి, స్నానానికి, ఎండపొడకు, తిరునాళ్ళకు. పోయిన కార్తీకంలో ఆమె కాలం చేసింది. ఆనాటి నుంచి ఆ వీపు కోటిరత్నానిదైంది. శ్రీశైలమ్మ కొడుకు, కోటిరత్నం మొగుడు హరిబాబు ఉన్నాడుగా అంటారేమో. హరిబాబు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోతాడు. పొద్దున బస్సుకు పోతే చీకటి పడేటప్పటికి వస్తాడు. మంచోడు, తాగుడు లేదు, చెల్లెలికి పండక్కి చీర తప్పదు. చెల్లెల్ని ఎత్తుకోవడం మాత్రం ఆడోళ్ళ పని అనుకున్నాడు. అనుకోను కూడా లేదు, ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే.

ఉగాది ముందు కోటిరత్నం నడుము పట్టేసింది. మార్కాపురం డాక్టరు ఫోటో తీసి డిస్కు జరిగింది, బరువులెత్తొద్దన్నాడు. ఇంకా ఒకటి ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. విజయకు నీళ్ళు పోస్తుంటే తుంటి మీద ఎర్రగా ఒక మచ్చ కనిపించింది. వారానికి అది పచ్చిపుండైంది. పూటపూటకూ ఒళ్ళు తిప్పాల, లేపి కూర్చోబెట్టాల. నీళ్ళ క్యానంటే ఎవరో ఒకరు నెత్తికెత్తుతారు, తన నడుము లేవనిదే విజయను ఎట్ల లేపేది? శ్రీశైలమ్మ ఉన్నన్నాళ్ళూ ఒక్క మచ్చ పడలేదు. అది తలుచుకుంటే కోటిరత్నానికి అన్నం దిగేది కాదు.

ఆమె తమ్ముడు సాగర్ ఫోన్లో చెప్పినాడు, ఒంగోలు పక్కన ఇట్లాంటోళ్ళను చూసుకునే ఆశ్రమం ఒకటి ఉందని, సోమవారం తీసుకొస్తే చేర్చుకుంటారని. హరిబాబు నేల చూసినాడు. విజయకు చెప్పాల్సింది కోటిరత్నమే అయింది.

"సరే వదినా" అన్నది విజయ, సూదిలో దారం ఎక్కిస్తూ. "నీ నడుమన్నా బాగుపడుతుంది."

ఆ ఒక్క మాట కాకుండా నాలుగు తిట్టినా బాగుండు అనుకుంది కోటిరత్నం.

అదే రోజుల్లో గవర్నమెంటు వాళ్ళు రాళ్ళచేను తవ్వేదానికి వచ్చి ఉన్నారు. సుచరిత అని ఒక మేడం, ఆమె వెంట నలుగురు కాలేజీ పిల్లలు. బళ్ళో మకాం. మెత్తటి కుంచెలతో మన్ను ఊడుస్తుంటే ఊరోళ్ళు చూసి, "ఇల్లు ఊడ్చమంటే ఊడ్చరు గానీ" అని నవ్వుకునేవాళ్ళు. గురువారం పొద్దున అన్నింటికన్నా పెద్ద గుడి మూత తీస్తారని తెలిసి ఊరు ఊరంతా అక్కడికి చేరింది. కోటిరత్నం నీళ్ళ క్యానుతోనే నిలబడింది. గుళ్ళ లోపలే కాబట్టి దించే పని లేదు.

మూతబండ ఎద్దులబండంత ఉంది. నలుగురు పిల్లలు నాలుగు మూలలా పట్టుకొని, గంప మీద చేట తీసినట్టు తీసి పక్కన పెట్టినారు.

"కోరలుంటాయి చూడండి" అన్నాడు పుల్లయ్య తాత, ముందువరసలో గొంతుక్కూర్చొని. "వెనక్కి జరగండి, పిల్లలు జడుసుకుంటారు."

లోపల మన్ను తీసేకొద్దీ ఎముకలు బయటపడినాయి. జనం మెడలు సాచినారు. అందరి ముఖాలూ చిన్నబోయినాయి.

"ఇంతేనా?" అన్నాడు తాత. "మా చిన్న కోడలంత కూడా లేడే వీడు!"

"వీడు కాదు తాతా, ఆడమనిషి" అన్నది సుచరిత. గుంతలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇటు చూడండి. ఈ పళ్ళు అరిగిపోయాయి, అంటే అరవై దాటిన మనిషి. ఇప్పుడు కాళ్ళు చూడండి. ఏడేళ్ళ పిల్లకి ఉన్నంతే ఉన్నాయి. చిన్నప్పుడు ఏదో జబ్బు చేసింది. కాళ్ళు అక్కడితో ఎదగడం ఆగిపోయాయి. ఈమె ఆ తర్వాత ఎప్పుడూ నడవలేదు."

కోటిరత్నం తల మీద క్యాను పక్కకు ఒరిగింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపుకుంది.

"అదే గదమ్మా నే మొదట్నుంచి మొత్తుకునేది!" పుల్లయ్య తాత తొడ చరిచినాడు. "కుంటిదని ప్రాణముండంగనే లోపలేసి మూత పెట్టినారు. రాకాసి నా కొడుకులు!"

"అలా తోసేస్తే ఇలా పడుకోదు తాతా. పక్కకి ఒత్తిగిల్లి ఉంది, తల కింద చదును రాయి, చెంప కింద చెయ్యి. ఎవరో సర్ది పడుకోబెట్టారు. అయినా పారేసేవాళ్ళయితే ఏడో ఏటే పారేసేవాళ్ళు. అరవై దాటేదాకా ఎందుకు ఆగుతారు?"

అందరి కళ్ళూ ఒకసారి కోటిరత్నం వైపు తిరిగి, పట్టుబడినట్టు పక్కకు తప్పుకున్నాయి. సోమవారం సంగతి ఊళ్ళో తెలియనోళ్ళు లేరు.

కోటిరత్నానికి ఆ చూపులు పట్టలేదు. "అమ్మా, నాదొక మాట" అన్నది. "అన్నేండ్లు మంచాన ఉన్న మనిషికి పుండు పడకుండా ఉంటుందా?"

సుచరిత తల ఎత్తి ఆమెను చూసింది. "పడుతుందండీ. చూసుకోకపోతే ఎముక దాకా పోతుంది, ఎముక మీద మచ్చ మిగులుతుంది. తుంటి ఎముక నేను రెండు వైపులా చూశాను. ఎక్కడా ఏమీ లేదు. తిప్పారు, కడిగారు, కూర్చోబెట్టారు."

"ఎవరమ్మా? తల్లా?"

"తల్లి అన్నేళ్ళు ఉండదు కదా. పక్క గుళ్ళలో ముగ్గురు దొరికారు. ముగ్గురికీ వెన్నుపూసలు ఒకే చోట అరిగాయి. వీపు మీద బరువు మోసేవాళ్ళకి అలా అరుగుతాయి. ఒక ఆడమనిషి, ఇద్దరు మగవాళ్ళు. ఏం మోశారో నేను చెప్పలేను. వంతులేసుకుని మోశారో ఏమో అదీ చెప్పలేను. మోశారు, అంతవరకే ఎముకలు చెప్తాయి."

"మగోళ్ళా?" అన్నది ఎవరో ఆడమనిషి వెనకనుంచి, నమ్మకం లేనట్టు.

ఆ రోజు ఇవతలికి వచ్చినాక రాయి తీసుకునేదానికి వంగబోయి కోటిరత్నం ఆగిపోయింది. చెయ్యి రాలేదు. ఉత్తచేతులతో ఇంటికి పోయింది.

దీపాలు పెట్టేవేళ విజయకు అన్నం పెడుతూ, చెప్పొద్దు చెప్పొద్దు అనుకుంటూనే అంతా చెప్పింది. పుండు మాట కూడా చెప్పింది. విజయ ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నది.

"నాకు తెలుసులే వదినా పుండు సంగతి" అన్నది చివరికి. "ఒళ్ళు నాది గదా. నువ్వు ఏడుస్తావని నేను మూల్గలేదు."

"మూల్గితే ఏం పోయింది నీ సొమ్ము?" కోటిరత్నం కసిరింది. కసిరి, కొంగు కళ్ళకు ఒత్తుకుంది.

"నన్నొకసారి తీసుకపో ఆమె కాడికి. సోమవారం ఎటూ ఆ పక్కకే పోవాల. చూసి పోతా."

హరిబాబు గడప దగ్గర కూర్చొని ఉన్నాడు. ఉలిక్కిపడి లేచినాడు. "మనిషిని మోసుకొని గుళ్ళల్లోకా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"తింటే తిననీ అన్నా" అన్నది విజయ. "నడవలేనామెను అరవై ఏండ్ల దాకా తినకుండా పెట్టుకున్నోళ్ళు నన్ను ఒక్క గడియలో తింటారా? అయినా నువ్వెందుకు భయపడతావు, మోసేది వదిన గదా."

హరిబాబు చెప్పులేసుకొని వీధిలోకి పోయినాడు.

సోమవారం తెల్లవారింది. రోడ్డు మీదికి సురేష్ ఆటో వస్తుంది, అందులో గిద్దలూరు పోయి బస్సు ఎక్కాల. హరిబాబు బట్టల సంచీ, సూదుల డబ్బా పట్టుకొని ముందే పోయినాడు. కోటిరత్నం నడుముకు పట్టీ బిగించుకొని విజయను వీపుకెత్తుకుంది. ఇంటి నుంచి మొదటి బండ దాకా పదిసార్లు ఆగింది. ప్రతి అడుగుకూ నడుములో సూది దిగింది. విజయ ఆమె మెడ చుట్టూ చేతులేసి, ఊపిరి కూడా బరువేనేమో అన్నట్టు బిగబట్టుకొని ఉంది.

బండ దాటింది. బరువు పోయింది.

వెన్ను నిటారుగా లేచింది. నొప్పి కూడా పోయింది. భుజం మీద ఆడబిడ్డ వెచ్చటి చెంప, చెవి పక్కన ఆమె ఊపిరి, అవి మాత్రం ఉన్నాయి. విజయ ప్రాణంతోనే ఉంది.

"వదినా" అన్నది విజయ. "నేను బరువుగా లేను గదా?"

నలభై ఏండ్లుగా ఎవరినీ అడగలేని మాట అది. "లేవమ్మా" అన్నది కోటిరత్నం. "అస్సలు లేవు."

గుంత అంచున సుచరిత గోనెపట్ట పరిచింది. విజయను దాని మీద కూర్చోబెట్టినారు. విజయ చాలాసేపు ఆ చిన్న కాళ్ళ వైపు చూసింది. తర్వాత తన కాళ్ళ మీద చీర సర్దుకుంది.

"ఈమె పేరేందో మేడం?"

"ఎలా తెలుస్తుందండీ? రెండున్నర వేల ఏళ్ళ కిందటి మనిషి."

"ఏదో ఒకటి ఉండే ఉంటుందిలే. లేవే అని, తిందువుగానీ రావే అని, రోజుకు పదిసార్లు పిలిచుంటారు." విజయ గుంత వైపు వంగింది. "వీళ్ళ మీదనా మనం ఇన్నాళ్ళూ ఉమ్మింది?"

కోటిరత్నం మళ్ళా ఆమెను వీపుకెత్తుకొని రోడ్డు వైపు నడిచింది. ఎంత మెల్లగా నడిచినా దారి అయిపోయింది. చివరి బండ వచ్చింది. దాని అవతల ప్లాంటు, ఆటో, ఆటో పక్కన మొగుడు. ఒక్క అడుగేస్తే బయట. ఆ అడుగు పడలేదు.

నొప్పికి భయపడి కాదు. ఈ లోపలున్నోళ్ళు రాకాసోళ్ళయితే, అడుగు బయటపెట్టి ఈమెను ఆటోలో కూర్చోబెట్టి వచ్చే తనకు ఏం పేరు పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"ఏంది నిలబడినావు? బస్సు పోతుంది" అని హరిబాబు అరిచినాడు. ఆమె కదలకపోయేసరికి తనే గబగబా లోపలికి వచ్చినాడు. "నడుము పట్టిందా? ఇటియ్యి." వంగినాడు. పుట్టి బుద్ధెరిగినాక మొట్టమొదటిసారి చెల్లెల్ని వీపుకెత్తుకున్నాడు. బస్సు తొందరలో, తానింకా గుళ్ళ లోపలే ఉన్నానని మరిచి నవ్వినాడు. "ఏముందే ఇందులో? పత్తిబుట్టంత లేదు. దీనికా మీ అత్తాకోడండ్లు అంత మూల్గింది?"

తనదాకా వస్తే గానీ ఎవరికీ తెలియదు.

హరిబాబు బండ దాటినాడు.

మనిషి బరువంతా ఒక్కసారిగా దిగింది. మోకాళ్ళు మడతపడినాయి. కింద పడబోయి, ఒక చెయ్యి నేలకు ఆనించి, ఎట్లనో నిలదొక్కుకున్నాడు. లేచేదానికి రెండుసార్లు చూసినాడు. మెడ నరాలు ఉబ్బినాయి, ముఖం నల్లబడింది. విజయ, "దింపన్నా, దింపేయ్" అంటూనే ఉంది. దింపలేదు. వంగిపోయి అక్కడే నిలబడి రొప్పినాడు.

"అమ్మ... ఇంత మోసిందా?" అన్నాడు.

"మోసింది" అన్నది కోటిరత్నం. "నువ్వు అన్నం తింటా ఇంకొంచెం పులుసు పోయమని కేకేసినప్పుడు కూడా, దీన్ని వీపున పెట్టుకొనే వచ్చి పోసింది."

హరిబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. తల్లి చచ్చిపోయిన రోజున కూడా అంతగా ఏడవలేదు. నేల మీదికి కారుతున్నా తుడుచుకునేదానికి చేతులు ఖాళీ లేవు. చేతులు చెల్లెలి కాళ్ళ కింద ఉన్నాయి.

"అన్నా, ఎక్కించేది ఉందా లేదా?" సురేష్ హారను కొట్టినాడు.

"నువ్వు పో సురేషూ."

"ఏందన్నా?"

"పో నాయనా. మేము రాము."

అట్లనే వంగి, వెనక్కి తిరిగి, లోపలికి అడుగేసినాడు. వీపు తేలికైంది. ఈసారి నవ్వలేదు. కాసేపు కదలకుండా నిలబడినాడు, పక్కన ఎవరో ఉంటే వాళ్ళకు చోటిచ్చినట్టు.

"పట్టుకున్నారు రత్నం" అన్నాడు. బరువు తింటారనే గానీ, ఆ ఊళ్ళో అంతకు ముందు ఎవరూ ఆ మాట అనలేదు.

"పట్టుకుంటారు, గుళ్ళు ఉన్నంత దూరం. అవతల మనమే పట్టుకోవాల."

"పొద్దున బస్సుకు పోయే ముందు నేను చేస్తా. రాత్రికి నేనే. నడుమ పగలే..."

"నడుమ సంగతి నన్నడగండి" అన్నది విజయ అన్న వీపు మీదనుంచి. "నన్ను గంప లాగ నడిమధ్యన పెట్టుకొని ఇద్దరూ బేరమాడుకుంటుండారు. పుల్లయ్య తాత చిన్నకోడలు మొన్ననే అడిగింది, పగటిపూట నేనొచ్చి లేపనా అక్కా అని. పోతున్నా గదా అని నేనే వద్దన్నా. ఇప్పుడు రమ్మంటా. దానికి రెండు చీరలకు ఫాల్సు కుట్టిపెడితే సరి."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" కోటిరత్నం నిలదీసింది.

"ఇన్నాళ్ళూ ఎవరడిగినారు వదినా?"

మాట్లాడుకుంటూనే ఊరి వైపు బండ కాడికి వచ్చినారు. "ఆగు" అన్నది కోటిరత్నం. హరిబాబు భుజం మీది తువ్వాల తీసి, విజయ నడుము వెనకనుంచి తిప్పి, మొగుడి పొట్ట మీద గట్టిగా ముడేసింది. ముడి అదిమి చూసింది.

"అత్త ఇట్లనే కట్టుకునేది. ఇప్పుడు దాటు. బరువు దిగేటప్పుడు మోకాళ్ళు వంచు, నడుము వంచితే చస్తావు."

హరిబాబు చిన్నపిల్లోడి లాగ తల ఊపినాడు. మోకాళ్ళు వంచి, ఊపిరి తీసుకొని, చెల్లెలి బరువంతా వీపు మీదికి దిగనిచ్చి, ఇంటి వైపు నడిచినాడు.